పెద్దవయసులో ఎలర్జీ జలుబుకు మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అరవై దాటిన వారికి ఎలర్జీ జలుబు ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు. దానికి వేసుకునే బిళ్ల మాత్రం ఒక్కోసారి తుంటి ఎముక విరిగేదాకా తీసుకువెళ్తుంది. ఈ వయసులో బీపీకి, షుగరుకు, గుండెకు, ప్రోస్టేటుకు అప్పటికే నాలుగైదు మందులు నడుస్తుంటాయి కాబట్టి, ముప్పై ఏళ్ల కొడుక్కి సరిపడిన జలుబు మందు డెబ్బై ఏళ్ల తండ్రికీ సరిపడుతుందనుకోవడం సరికాదు. ఇంట్లోని పెద్దవారూ, వారికి మందులు తెచ్చిపెట్టే పిల్లలూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. మోతాదు విషయంలో చివరి మాట మిమ్మల్ని చూసే వైద్యునిదే.

పొద్దున లేవగానే వరసగా తుమ్ములు వస్తాయి, ముక్కు నీళ్లలా కారుతుంది. ఇది ఎలర్జీయేనా?

అయి ఉండవచ్చు. ఎలర్జీకి దురద పెద్ద గుర్తు. ముక్కులోనూ, కళ్లలోనూ, అంగిట్లోనూ దురద పెడుతూ, వరస తుమ్ములతో పాటు నీళ్లలాంటి స్రావం, ముక్కు దిబ్బడ ఉండి, జ్వరం గానీ ఒళ్లునొప్పులు గానీ లేకుండా వారాల తరబడి సాగితే దానిని ఎలర్జీగా అనుమానించాలి. పరుపుల్లో, దిండ్లలో పెరిగే కంటికి కనబడని డస్ట్ మైట్లు, బొద్దింకల పొట్టు, వానాకాలంలో గోడలకు పట్టే బూజు, పొలం గట్ల మీదా ఖాళీ స్థలాల్లోనూ విచ్చలవిడిగా పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి మన ప్రాంతంలో దీనికి సాధారణ కారణాలు.

అయితే చిన్నతనం నుంచీ ఏ ఎలర్జీ లేని మనిషికి అరవై అయిదేళ్ల తర్వాత కొత్తగా ముక్కు కారడం మొదలైతే, అది ఎలర్జీ కాని ముక్కు జబ్బు అయ్యే అవకాశమే ఎక్కువ. మిరపకాయల పోపు ఘాటుకో, అగరుబత్తి పొగకో, దోమల కాయిల్‌కో, ఏసీ చల్లగాలికో ముక్కు స్పందించడం ఈ కోవలోకి వస్తుంది. ఎలర్జీ బిళ్లలు దీనికి అంతగా పనిచేయవు. బిళ్ల పనిచేయలేదని ఇంకొక బిళ్ల, అదీ పనిచేయలేదని రెండూ కలిపి వేసుకునే పరిస్థితి తరచుగా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

అన్నం తింటున్నప్పుడు మాత్రమే ముక్కు కారుతుంది. మందు వేసుకోవాలా?

ఆవకాయ అన్నమో, వేడి రసమో తింటుంటే కండువాతో ముక్కు తుడుచుకుంటూ తినే పెద్దవారిని మనం చూస్తూనే ఉంటాం. ఇది ఎలర్జీ కాదు. కారానికీ వేడికీ ముక్కులోని నరాలు అతిగా స్పందించడం వల్ల వస్తుంది, వయసు పెరిగే కొద్దీ ఎక్కువవుతుంది. చేతిరుమాలు దగ్గర పెట్టుకుంటే చాలు. నలుగురిలో తినలేనంత ఇబ్బందిగా ఉంటే ఇప్రాట్రోపియం అనే ముక్కు స్ప్రే స్రావాన్ని తగ్గిస్తుంది. అది తుమ్ములకూ దిబ్బడకూ పనిచేయదు. కంటిలో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు (గ్లకోమా) గానీ, మూత్రం సరిగా రాని ప్రోస్టేట్ సమస్య గానీ ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దానిని వాడకూడదు.

నేను వాడే ఇతర మందుల వల్ల ముక్కు సమస్య రావచ్చా?

రావచ్చు. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బీపీ మందులు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు, ప్రోస్టేటుకు ఇచ్చే ఆల్ఫా బ్లాకర్లు, అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్, కొందరిలో ఆస్పిరిన్, ఇతర నొప్పి బిళ్లలు ముక్కు దిబ్బడనో ముక్కు కారడాన్నో తెస్తాయి. కొత్త మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే ముక్కు సమస్య కూడా మొదలైందా అని తేదీలు సరిచూసుకోండి. అనుమానం వస్తే ఆ మందును మీ అంతట మీరు ఆపకండి. బీపీ మందును ఉన్నట్టుండి ఆపడం ముక్కు కారడం కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం. మార్చగలిగినది ఉంటే వైద్యుడే మారుస్తారు.

మరి ఎలర్జీయే అని తేలితే మొదట వాడవలసిన మందు ఏది?

అప్పుడప్పుడు మాత్రమే వచ్చి పోయే తేలికపాటి తుమ్ములకు, దురదకు మగత తక్కువగా ఉండే కొత్త తరం ఎలర్జీ బిళ్ల ఒకటి సరిపోతుంది. వారంలో చాలా రోజులు ఉండి, నిద్రనూ పనినీ చెడగొట్టే ఎలర్జీకి, ముఖ్యంగా ముక్కు దిబ్బడ ఎక్కువగా ఉన్నప్పుడు, స్టెరాయిడ్ ముక్కు స్ప్రేదే మొదటి స్థానం. ఫ్లూటికసోన్, మోమెటాసోన్, బుడెసొనైడ్ ఈ వర్గానికి చెందినవి. తుమ్ములు, దురద, స్రావం, దిబ్బడ అనే నాలుగు బాధల మీదా బాగా పనిచేసే మందు ఇదొక్కటే అనవచ్చు. కళ్ల దురదను కూడా కొంత తగ్గిస్తుంది. పెద్దవయసులో దీనికి ఇంకొక గుణం తోడవుతుంది. మందు ముక్కులోనే ఎక్కువగా పనిచేస్తుంది కాబట్టి మెదడుకు మత్తు ఉండదు, బీపీ పెరగదు, మిగతా మందులతో పేచీ చాలా తక్కువ.

మన దగ్గర మాత్రం క్రమం తలకిందులుగా ఉంటుంది. బిళ్లలు, చుక్కలు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక ఆఖరికి స్ప్రే దగ్గరికి వస్తారు.

స్టెరాయిడ్ అంటున్నారు. షుగరు పెరగదా? ఎముకలు గుల్లబారవా?

ఈ భయం వల్లే చాలామంది స్ప్రేను కొని కూడా అలమరలో దాచేస్తారు. నోటిద్వారా, ఇంజెక్షన్‌గా తీసుకునే స్టెరాయిడుకూ ముక్కులో కొట్టుకునే స్టెరాయిడుకూ శరీరంలోకి చేరే పరిమాణంలో చాలా తేడా ఉంది. ఫ్లూటికసోన్, మోమెటాసోన్ స్ప్రేల నుంచి రక్తంలోకి చేరేది రెండు శాతం కంటే తక్కువ. చెప్పిన మోతాదులో వాడినంత కాలం షుగరు మీదా ఎముకల మీదా గుర్తించదగిన ప్రభావం ఉండదు.

జాగ్రత్త పడవలసిన సందర్భాలు రెండు ఉన్నాయి. నీటికాసులు లేదా శుక్లాలు ఉన్నవారు ఏడాది పొడవునా స్ప్రే వాడుతుంటే కంటి వైద్యునికి ఆ సంగతి చెప్పి, ఏడాదికొకసారి కంటి ఒత్తిడి చూపించుకోవడం మంచిది. రెండవది, హెచ్.ఐ.వి. చికిత్సలో రిటోనవిర్ లేదా కోబిసిస్టాట్ కలిసిన మందులు తీసుకునేవారు ఫ్లూటికసోన్, బుడెసొనైడ్ స్ప్రేలు వాడకూడదు. ఆ మందులు స్టెరాయిడును శరీరం నుంచి పోనివ్వకుండా ఆపడం వల్ల, ముక్కు స్ప్రే కూడా నోటి స్టెరాయిడు లాగే ఒళ్లంతా పనిచేయడం మొదలుపెడుతుంది. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నవారు ముక్కు స్ప్రే సంగతిని తప్పక చెప్పాలి, ఎందుకంటే రెండింటి మోతాదునూ కలిపి లెక్కవేయాలి.

స్ప్రే నాలుగు రోజులు వాడాను, ఏమీ తగ్గలేదు. ఎందుకు?

నాలుగు రోజులు చాలవు. కొందరికి మొదటి రోజే కొంత తేడా తెలిసినా, పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అదీ రోజూ వాడితేనే. తుమ్ములు వచ్చిన రోజు కొట్టి రానిరోజు మానేస్తే దీని నుంచి సగం లాభమే వస్తుంది.

కొట్టుకునే తీరు కూడా చూసుకోవాలి. కొత్త సీసా అయితే బాగా కదిపి, సన్నటి తుంపర వచ్చేదాకా గాలిలోకి కొన్నిసార్లు నొక్కాలి. ముక్కు చీది, తల కొద్దిగా ముందుకు వంచి, కుడి ముక్కు రంధ్రానికి ఎడమ చేతితో, ఎడమ రంధ్రానికి కుడి చేతితో సీసా పట్టుకుంటే, మొన దానంతటదే మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపు తిరుగుతుంది. నొక్కుతున్నప్పుడు మామూలుగా, మెల్లగా ఊపిరి పీల్చాలి. గట్టిగా ఎగపీల్చినా, తల వెనక్కి వాల్చినా మందు గొంతులోకి జారిపోతుంది. గొంతులో చేదో పూల వాసనో తెలిసిందంటే మందు చేరవలసిన చోటికి చేరలేదన్నమాట. కీళ్లవాతం వల్ల వేళ్లు వంగనివారు, చేయి వణికేవారు ఆ సీసాను సరిగా నొక్కలేరు. బొటనవేలు సీసా అడుగున, చూపుడు వేలు, మధ్య వేలు మెడ మీద పెట్టి రెండు చేతులతో నొక్కవచ్చు, లేదా ఇంట్లో ఒకరు కొట్టిపెట్టవచ్చు. వాడిన ప్రతిసారీ మొనను పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే రంధ్రం మూసుకుపోయి నొక్కినా మందు రాదు.

ముక్కు నుంచి రక్తం చారలు వస్తున్నాయి. నేను గుండెకు రక్తం పలుచబడే మందు వాడుతున్నాను.

ముక్కు లోపల పొడిబారడం, చిన్నపాటి రక్తపు చారలు స్ప్రే వాడేవారిలో మామూలే. వయసు మీదపడే కొద్దీ ముక్కు లోపలి పొర పలచబడుతుంది కాబట్టి పెద్దవారిలో ఇంకొంచెం ఎక్కువ. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, ఎపిక్సబాన్ వంటివి తోడైతే రక్తం ఆగడానికి ఆలస్యమవుతుంది. ముందు మొన మధ్య గోడకు తగులుతోందేమో సరిచూసుకోండి, రెండు మూడు రోజులు స్ప్రే ఆపి ఉప్పునీటి స్ప్రే వాడండి. మళ్లీ మొదలుపెట్టాక కూడా వస్తుంటే ఈ.ఎన్.టి. వైద్యునికి లోపలి గోడ చూపించుకోవాలి. రక్తం కారుతుంటే కూర్చుని ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా గట్టిగా పట్టుకోవాలి. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. గుండె మందును మాత్రం సొంతంగా ఆపకూడదు.

మా నాన్నగారు ఇరవై ఏళ్లుగా అవిల్ బిళ్లే వేసుకుంటున్నారు. ఇప్పుడెందుకు వద్దంటున్నారు?

ఇరవై ఏళ్ల కిందట ఆయన శరీరం వేరు. అవిల్‌లో ఉండేది ఫెనిరమిన్. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజీన్, హైడ్రాక్సిజీన్, సైప్రోహెప్టడీన్ దాని వరసలోవే. వీటిని మొదటి తరం ఎలర్జీ మందులంటారు. ఇవి ఎలర్జీ బాధలు తెచ్చే హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకోవడంతో ఆగవు. మెదడులోకి సులువుగా చేరి మగత తెస్తాయి, ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకొక రసాయనాన్ని కూడా అడ్డుకుంటాయి. ఆ రసాయనం లాలాజలానికి, పేగుల కదలికకు, మూత్రాశయం ఖాళీ కావడానికి, కంటిచూపు సర్దుకోవడానికి, జ్ఞాపకశక్తికి అవసరమైనది. కనుక పెద్దవారిలో నోరు పిడచకట్టుకుపోవడం, మలబద్ధకం, మూత్రం బిగపట్టడం, చూపు మసకబారడం, సాయంత్రానికి మాట తడబడి మనుషులను పోల్చుకోలేని అయోమయం కలుగుతాయి. వయసుతో పాటు కాలేయం, కిడ్నీలు మందును బయటికి పంపే వేగం తగ్గుతుంది కాబట్టి, రాత్రి వేసుకున్న క్లోర్‌ఫెనిరమిన్ మత్తు మర్నాడు పగటి దాకా ఉంటుంది. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు కాలు తూలేది ఆ మత్తులోనే.

వృద్ధులకు తగని మందులను లెక్కించే బీర్స్ ప్రమాణాలను అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటుంది. 2023 సవరణలో కూడా ఈ మొదటి తరం మందులను అరవై అయిదు దాటినవారికి సాధారణంగా ఇవ్వవద్దనే చెప్పింది. ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ప్రమాదమైన ఎలర్జీలో ఆసుపత్రిలో ఒకసారి అవిల్ ఇంజెక్షన్ ఇవ్వడం వేరే విషయం. ఇక్కడ అభ్యంతరం రోజువారీ వాడకానికి.

మతిమరుపుకు డొనెపెజిల్ వాడేవారికి ఇవి మరీ పనికిరావు. డొనెపెజిల్ ఎసిటైల్‌కోలిన్‌ను పెంచడానికి చూస్తుంటే ఇవి దాని పనిని అడ్డుకుంటాయి. నీటికాసులు, ప్రోస్టేట్ వాపు ఉన్నవారికి, నిద్రమాత్రలు గానీ, నరాల నొప్పికి గబాపెంటిన్ గానీ వేసుకునేవారికి కూడా ఇదే మాట వర్తిస్తుంది. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు కదా అని నాన్నగారు అంటే, ఆ మధ్య కొత్తగా వచ్చిన మలబద్ధకానికీ, మూత్రం ఇబ్బందికీ వేరే బిళ్లలు మొదలయ్యాయేమో ఒకసారి చూడండి.

మందుల షాపులో ఇచ్చే జలుబు బిళ్లలో ఇవి ఉంటాయా?

చాలా వాటిలో ఉంటాయి. స్ట్రిప్ వెనక వెండి రేకు మీద సన్న అక్షరాలతో ప్రతి బిళ్లలో ఏమేమి ఎంతెంత ఉన్నాయో ముద్రించి ఉంటుంది. అద్దాలు పెట్టుకుని, లేదా ఫోను కెమెరాలో పెద్దది చేసుకుని ఆ భాగం చదవండి. ముందు వైపున్న పేరును చూసి లాభం లేదు. పారాసిటమాల్ 500 మి.గ్రా., ఫినైలెఫ్రిన్ 10 మి.గ్రా., క్లోర్‌ఫెనిరమిన్ 2 మి.గ్రా. అనే కలయిక సైనరెస్ట్ వంటి పేర్లతో ప్రతి షాపులోనూ దొరుకుతుంది. ముక్కు కారడానికి వేసుకునే ఈ బిళ్లతో జ్వరపు మందు, బీపీ పెంచగల మందు, మత్తు మందు మూడూ ఒకేసారి లోపలికి వెళ్తాయి. మోకాళ్ల నొప్పికి ముందే పారాసిటమాల్ వేసుకుంటున్నవారికి అది రెట్టింపవుతుంది కూడా.

షాపులో పేరు చెప్పి అడిగేటప్పుడు “జలుబు బిళ్ల” అనకండి. కావలసిన మందు పేరు కాగితం మీద రాసుకెళ్లి, “ఇదొక్కటే ఉన్నది ఇవ్వండి” అని అడగండి. జన ఔషధి కేంద్రాల్లో బిళ్లలు అసలు మందు పేరుతోనే అమ్ముతారు కాబట్టి ఈ గందరగోళం కొంత తక్కువ.

సెట్రిజిన్, లీవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, లొరాటడిన్, బిలాస్టిన్. వీటిలో పెద్దవారికి ఏది మేలు?

ఇవన్నీ రెండవ తరం మందులు, అంటే మొదట చెప్పిన కొత్త తరం బిళ్లలు. తుమ్ములు, దురద, స్రావం తగ్గించడంలో వీటి మధ్య పెద్ద తేడా లేదు. దిబ్బడను ఏదీ బాగా తగ్గించదు. తేడా అంతా మగతలోనూ, కిడ్నీల మీద ఆధారపడటంలోనూ ఉంది. సెట్రిజిన్, లీవోసెట్రిజిన్ కొందరికి మగత తెస్తాయి, పెద్దవారిలో అది ఎక్కువగా కనిపిస్తుంది. ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ మెదడులోకి దాదాపు చేరవు. లొరాటడిన్ మామూలు మోతాదులో మగత తక్కువ. కాబట్టి తూలి పడిన అనుభవం ఒక్కసారి ఉన్నా, బండి లేదా కారు నడుపుతున్నా, ఫెక్సోఫెనడిన్ లేదా బిలాస్టిన్ వైపు మొగ్గడం సమంజసం. సెట్రిజిన్ తప్పనిసరైతే 5 మి.గ్రా.తో, రాత్రి పూట మొదలుపెట్టవచ్చు.

ఒకప్పుడు ఈ తరంలోనే టెర్ఫెనడిన్, ఎస్టెమిజోల్ అనే రెండు మందులు ఉండేవి. గుండె లయ దెబ్బతింటోందని అమెరికాలో 1998, 1999 సంవత్సరాల్లో వాటిని మార్కెట్ నుంచి తీసేశారు. టెర్ఫెనడిన్ శరీరంలో మారి తయారయ్యే పదార్థమే నేటి ఫెక్సోఫెనడిన్. దానికి ఆ గుండె దోషం లేదు.

కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయన్నారు. ఎలర్జీ బిళ్ల వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కానీ మోతాదు మారుతుంది. సెట్రిజిన్, లీవోసెట్రిజిన్ ప్రధానంగా కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి, అందుకే కిడ్నీ పనితనం తగ్గినప్పుడు వాటిని సగానికి తగ్గిస్తారు. ఇంకా తగ్గితే రోజు విడిచి రోజు ఇస్తారు. డయాలసిస్ మీద ఉన్నవారికి లీవోసెట్రిజిన్ ఇవ్వరు. ఫెక్సోఫెనడిన్‌కు కూడా మోతాదు తగ్గించాలి. బిలాస్టిన్‌కు మామూలుగా తగ్గించనక్కరలేదు గానీ, కిడ్నీ దెబ్బతిన్నవారు డిల్టియజెమ్ (బీపీ, గుండె మందు), ఎరిత్రోమైసిన్ (యాంటీబయోటిక్) వంటివి వాడుతుంటే దానిని ఇవ్వరు.

ఇక్కడొక మాట చెప్పాలి. రిపోర్టులో క్రియాటినిన్ 1.1 అని చూసి కిడ్నీలు బాగున్నాయనుకుంటారు. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చేది. సన్నగా, కండ తరిగిపోయిన ఎనభై ఏళ్ల అవ్వకు కిడ్నీ పనితనం బాగా తగ్గినా ఆ అంకె మామూలుగానే ఉండవచ్చు. వయసును కలిపి లెక్కించిన ఇ.జి.ఎఫ్.ఆర్. (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) ఎంతో అడిగి తెలుసుకుని, దానిని బట్టి మోతాదు నిర్ణయించుకోవాలి.

బిళ్లను పాలతోనో పండ్లరసంతోనో వేసుకోవచ్చా?

ఫెక్సోఫెనడిన్‌ను మంచినీళ్లతోనే వేసుకోవాలి. యాపిల్, కమలా, ద్రాక్షపండు రసాలు అది పేగుల నుంచి ఒంటికి పట్టకుండా చేస్తాయి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందుతో కూడా కలిపి వేసుకోకూడదు, మధ్య రెండు గంటల వ్యవధి ఉండాలి. బిలాస్టిన్‌ను భోజనానికి గంట ముందో, రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. సెట్రిజిన్‌కు, లొరాటడిన్‌కు ఈ పట్టింపు లేదు.

సెట్రిజిన్ ఆపిన ప్రతిసారీ ఒళ్లంతా దురద వస్తోంది. దీనికి అలవాటు పడిపోయానా?

నెలలు, ఏళ్ల తరబడి రోజూ సెట్రిజిన్ లేదా లీవోసెట్రిజిన్ వాడి ఆపినవారిలో కొందరికి, ఆపిన కొద్ది రోజుల్లో తీవ్రమైన దురద రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2025 మే నెలలో హెచ్చరించింది. ఇది అరుదు. అలాంటప్పుడు మందు మళ్లీ మొదలుపెట్టి, వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించుకుంటూ ఆపుతారు. మత్తుమందుల వంటి వ్యసనం కాదిది.

ఎజెలాస్టిన్ స్ప్రే గురించి విన్నాను. అది కూడా స్టెరాయిడేనా?

కాదు. అది ముక్కులో కొట్టుకునే ఎలర్జీ మందు. పదిహేను నిమిషాల్లోనే పనిచేయడం మొదలుపెడుతుంది, దిబ్బడను కూడా కొంత తగ్గిస్తుంది. నాలుక మీద చేదు, కొందరికి కొద్దిపాటి మగత దీని లోపాలు. స్టెరాయిడ్ స్ప్రే ఒక్కదానితో లొంగని ఎలర్జీకి ఫ్లూటికసోన్, ఎజెలాస్టిన్ రెండూ కలిసిన స్ప్రే ఇస్తారు. స్ప్రే చాలనప్పుడు పైన బిళ్లను చేర్చడం కంటే ఇలా చేయడమే ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

ముక్కు చుక్కలు వేసుకోకపోతే నిద్రపట్టదు. రోజూ వాడవచ్చా?

వాడకూడదు. ఓట్రివిన్‌లోని జైలోమెటజోలిన్, నాసివియాన్‌లోని ఆక్సిమెటజోలిన్ ముక్కులోని రక్తనాళాలను ముడుచుకునేలా చేసి నిమిషాల్లో గాలి ఆడేటట్టు చేస్తాయి. మూడు నుంచి అయిదు రోజులు దాటితే ముక్కు వాటికి మొండికేస్తుంది. మందు ప్రభావం పోగానే దిబ్బడ అంతకు ముందు కంటే ఎక్కువగా వచ్చి, మళ్లీ చుక్కలు వేయనిదే ఊపిరాడని స్థితి ఏర్పడుతుంది. దిండు కింద ఆ సీసా పెట్టుకుని ఏళ్ల తరబడి గడిపేవారున్నారు. బయటపడే మార్గం ఉంది. స్టెరాయిడ్ స్ప్రే రోజూ మొదలుపెట్టి, చుక్కలను ఒకేసారి గానీ, ముందు ఒక రంధ్రానికి ఆ తర్వాత రెండో రంధ్రానికి గానీ మానేస్తారు. మొదటి వారం కష్టంగా ఉంటుంది.

బీపీ ఉన్నవారు దిబ్బడకు బిళ్ల వేసుకోవచ్చా?

సూడోఎఫెడ్రిన్ దిబ్బడను తగ్గిస్తుంది గానీ బీపీని, గుండె వేగాన్ని పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది, ప్రోస్టేట్ వాపు ఉన్నవారికి మూత్రం బిగపడుతుంది. ఫినైలెఫ్రిన్ సంగతి ఇంకా విచిత్రం. నోటిద్వారా తీసుకున్నప్పుడు అది దిబ్బడను తగ్గించదని ఎఫ్.డి.ఏ. సలహా సంఘం 2023 సెప్టెంబరులో తేల్చింది, 2024 నవంబరులో షాపుల్లో నేరుగా అమ్మే మందుల నుంచి దానిని తొలగించాలని ఎఫ్.డి.ఏ. ప్రతిపాదించింది. మన జలుబు బిళ్లల్లో అది ఇంకా ఉంది. పనిచేయని మందు కోసం బీపీ ఉన్న మనిషి కొద్దిపాటి ప్రమాదమైనా ఎందుకు తెచ్చుకోవాలి?

ప్రతి చీటీలోనూ మాంటెలుకాస్ట్ కలిసిన బిళ్ల రాస్తున్నారు. అది అవసరమా?

ఉబ్బసం కూడా ఉన్నవారికి అవసరం కావచ్చు. ముక్కు ఎలర్జీ ఒక్కటే ఉంటే అది స్టెరాయిడ్ స్ప్రే కంటే తక్కువగా పనిచేస్తుంది. 2020 మార్చిలో ఎఫ్.డి.ఏ. ఈ మందుకు తీవ్రమైన హెచ్చరిక చేర్చింది. చెడ్డ కలలు, నిద్రలేమి, దిగులు, కోపం, ఆత్మహత్య ఆలోచనల వంటి మానసిక మార్పులు రావచ్చు కాబట్టి, ముక్కు ఎలర్జీకి మిగతా మందులు పనిచేయనప్పుడే వాడాలని చెప్పింది. పెద్దవారిలో ఇలాంటి మార్పు వస్తే “వయసు వల్ల చాదస్తం” అని ఇంట్లో కొట్టిపారేస్తారు. మాంటెలుకాస్ట్ మొదలైన తర్వాత మనిషి తీరు మారిందంటే ముందు మందును అనుమానించి వైద్యునికి చెప్పండి. ఇది లీవోసెట్రిజిన్‌తో కలిసిన బిళ్లగానే ఎక్కువగా వస్తుంది, కనుక పక్కన ఇంకొక సెట్రిజిన్ వేసుకోకూడదు.

ఊళ్లో ఆర్.ఎం.పి. గారు ఒక ఇంజెక్షన్ చేస్తే నెల రోజులు తుమ్ములు ఉండవు. అదే సులువు కదా?

ఆ సూదిలో ఉండేది చాలావరకు స్టెరాయిడే. డెక్సామెథసోన్ అయితే రోజుల్లో పోతుంది, నిదానంగా కరిగే రకమైతే వారాల తరబడి ఒంట్లో ఉంటుంది. తుమ్ములు ఆగడం నిజమే. ఆ రోజుల్లోనే షుగరు మూడు వందలు దాటడం, బీపీ పెరగడం, పదే పదే చేయించుకుంటే ఎముకలు గుల్లబారడం, శుక్లాలు త్వరగా ముదరడం కూడా అంతే నిజం. షుగరు ఉన్న పెద్దవారికి ముక్కు ఎలర్జీ కోసం ఈ సూది వద్దు. ముక్కు స్ప్రేలోని స్టెరాయిడుకు భయపడి సూదిలోని స్టెరాయిడుకు చేయి చాచడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద వైపరీత్యం.

ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం పనిచేస్తుందా?

పనిచేస్తుంది, ఏ మందుతోనూ పేచీ లేదు. పుప్పొడి, దుమ్ము, చీమిడి కొట్టుకుపోతాయి. దీని తర్వాత పది నిమిషాలకు స్ప్రే కొడితే మందు పొరకు బాగా అంటుతుంది. పావు లీటరు నీటిలో అర టీ చెంచా అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంట సోడా చాలు. నీళ్లు మాత్రం ఒక నిమిషం పాటు తెర్లించి చల్లార్చినవో, డిస్టిల్డ్ వాటరో అయి ఉండాలి. కుళాయి, బావి, బోరు నీళ్లను నేరుగా ముక్కులోకి ఎక్కిస్తే నెగ్లేరియా అనే అమీబా మెదడుకు పాకే ప్రమాదం ఉంది, అది సోకితే బతకడం చాలా అరుదు. జలనేతి చేసే అలవాటున్నవారు కూడా ఈ నియమం పాటించాలి.

ఆవిరి పట్టడం కాసేపు హాయినిస్తుంది, ఎలర్జీని తగ్గించదు. వేడినీళ్ల గిన్నె ఒళ్లో ఒలికి కాలిన పెద్దవారు ఎక్కువే కనుక దానిని నేను సిఫారసు చేయను.

ఎలర్జీ వ్యాక్సిన్ ఈ వయసులో తీసుకోవచ్చా?

వయసు ఒక్కటే అడ్డంకి కాదు. పరీక్షలో కారణం స్పష్టంగా తేలి, మందులతో లొంగనివారికి ఇవ్వవచ్చు. ఎలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరాన్ని దానికి అలవాటు చేసే ఈ చికిత్స మూడు నుంచి అయిదేళ్లు సాగుతుంది. గుండె జబ్బు, అదుపులో లేని ఉబ్బసం ఉన్నవారికీ, బీటా బ్లాకర్లు వాడేవారికీ సాధారణంగా ఇవ్వరు. వ్యాక్సిన్‌కు తీవ్రమైన రియాక్షన్ వస్తే ప్రాణం నిలబెట్టే ఎడ్రినలిన్ ఇంజెక్షన్‌ను బీటా బ్లాకర్లు సరిగా పనిచేయనివ్వవు.

అమెరికాలో పిల్లల దగ్గర ఉన్నాను. వసంతం రాగానే కళ్లు, ముక్కు ఒకటే దురద. ఇక్కడి షాపులో ఏది కొనాలి?

ఓక్, బర్చ్ చెట్ల పుప్పొడి ఆ ఋతువులో గాలి నిండా ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ లేకుండా రెండోసారో మూడోసారో మొదలు కావడం మామూలే. అక్కడ చీటీ లేకుండా అమ్మడానికి ఫ్లూటికసోన్ స్ప్రేకు 2014లో, ఎజెలాస్టిన్ స్ప్రేకు 2021లో అనుమతి వచ్చింది, ఇప్పుడు రెండూ అలాగే దొరుకుతున్నాయి. ఫెక్సోఫెనడిన్, లొరాటడిన్ కూడా అంతే. తీసుకోకూడనివి బెనడ్రిల్, ఇంకా పేరు చివర “పి.ఎం.” అని ఉండే రాత్రి బిళ్లలు. వాటిలో ఉండేది డైఫెన్‌హైడ్రమిన్. లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ పెట్టెల మీద పేరు పక్కన “డి” అనే అక్షరం ఉంటే అందులో సూడోఎఫెడ్రిన్ కలిసి ఉందని అర్థం. బీపీ ఉన్నవారు ఆ అక్షరం లేని పెట్టెనే తీసుకోవాలి. కళ్ల దురద ఎక్కువగా ఉంటే కీటోటిఫెన్ లేదా ఒలోపటడిన్ చుక్కలు వేసుకోవచ్చు.

ఏ లక్షణాలు కనిపిస్తే మందులు పక్కన పెట్టి వెంటనే వైద్యుణ్ణి కలవాలి?

ఒకే వైపు ముక్కు దిబ్బడ, ఒకే వైపు నుంచి రక్తం కలిసిన స్రావం, వాసన తెలియకపోవడం, ముఖం ఒక వైపు నొప్పి లేదా మొద్దుబారడం ఉంటే ముక్కులో గడ్డ ఉందేమో చూడాలి. ముందుకు వంగినప్పుడు ఒకే రంధ్రం నుంచి మంచినీళ్లలాంటి ద్రవం బొట్లు బొట్లుగా పడితే, ముఖ్యంగా తలకు దెబ్బ తగిలిన తర్వాత, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. షుగరు అదుపులో లేనివారికి ముఖం వాపు, నల్లటి పొక్కు, కంటి చుట్టూ నొప్పి వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కొవిడ్ రెండో ఉధృతిలో మనం చూసిన బ్లాక్ ఫంగస్ ఇలాగే మొదలవుతుంది. ఎలర్జీ మందు వేసుకున్నాక మూత్రం పూర్తిగా ఆగిపోయినా, కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పెట్టినా, మనిషి అయోమయంలో పడినా ఆలస్యం చేయకూడదు.

స్ప్రే జీవితాంతం వాడాలా?

అవసరం లేదు. బాధ అదుపులోకి వచ్చి నెల రెండు నెలలు గడిచాక, రంధ్రానికి రెండుసార్లు కొట్టేవారు ఒకసారికి తగ్గించి చూడవచ్చు. ఫలానా ఋతువులోనే వచ్చేవారు దానికి ఒకటి రెండు వారాల ముందు మొదలుపెట్టి, ఋతువు దాటాక ఆపవచ్చు. ఏడాదంతా ఉండే డస్ట్ మైట్ ఎలర్జీకి తక్కువ మోతాదులో కొనసాగించవలసి రావచ్చు. దిండు గలీబులు, దుప్పట్లు వారానికొకసారి వేడినీళ్లలో ఉతికితే ఆ మోతాదు ఇంకా తగ్గవచ్చు.

ఎలర్జీ పరీక్షకు వెళ్తున్నాను. ముందు ఏ మందులు ఆపాలి?

చేతి మీద చుక్కలు వేసి గుచ్చే పరీక్ష అయితే నోటి ఎలర్జీ బిళ్లలను వారం రోజుల ముందు ఆపమంటారు. ఎజెలాస్టిన్ స్ప్రేను కూడా కొన్ని రోజుల ముందు ఆపాలి. ముక్కు స్టెరాయిడ్ స్ప్రేను ఆపనక్కరలేదు. నిద్రకో నరాల నొప్పికో వాడే అమిట్రిప్టిలిన్, డాక్సెపిన్ కూడా పరీక్షను తారుమారు చేస్తాయి గానీ వాటిని సొంతంగా ఆపకండి, వాడుతున్నట్టు ముందే చెప్పండి. బిళ్లలు ఆపలేనివారికీ, చర్మం బాగా పలచబడిన పెద్దవారికీ రక్తంలో ఎలర్జీని చూపే ఐ.జి.ఇ. అనే ప్రొటీన్ పరీక్ష చేయించవచ్చు. దానికి ఏ మందూ ఆపవలసిన పనిలేదు.